పాసు మీద రాజధాని

బిలాస్‌పూరులో రైల్వే స్టేషనుకు దాపున, అర్పా నది ఒడ్డున ఉన్న పేట తోర్వా. కార్తిక మాసంలో ఛఠ్ పూజకు వేలాది జనం చేరే నదీఘట్టం ఇక్కడిదే. ఈ పేటలోను, చుట్టుపట్ల రైల్వే కాలనీలలోను తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నవి. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ తన పట్టాలను బిలాస్‌పూరు మీదుగా సాగించింది. తూర్పు తీరాన వాల్తేరు వరకు గల దారి కూడ తరువాత ఆ కంపెనీ అధీనంలోనికే రావడంవల్ల శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల గ్యాంగుమన్లు, ఫిట్టర్లు, ఫైర్‌మన్లు, గుమాస్తాలు బ్రతుకుతెరువు వెదకుకొంటూ ఇటు తరలివచ్చినారు. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి అయిన పిమ్మట రాకపోకలు మరింత సులువైనవి. కంపెనీ పోయింది, 1955లో ఆగ్నేయ రైల్వే వచ్చింది, 2003లో బిలాస్‌పూరే ప్రధాన కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే వెలసింది. తెలుగువారు మాత్రం ఉన్నచోటనే ఉన్నారు. వారు బుధవారీ బజారులో కూరలు బేరమాడేది ఛత్తీస్‌గఢీ కలిసిన హిందీలో; ఇంట అన్నం వడ్డించుకొనేది తెలుగులో. బడికి పోయే పిల్లలలో చాలామందికి తెలుగు మాట వచ్చును గాని, అక్షరం రాదు.

ఇటువంటి ఇంట ప్రివిలేజ్ పాసు వ్రాయించుకొనే రోజు చిన్న పండుగ వంటిది. సాధారణంగా ఆ పాసు ఊరివైపే పోతుంది: మేనకోడలి పెండ్లి, తండ్రి సంవత్సరీకం, సింహాచలం మొక్కు. ఏ పదేండ్లకో ఒక పర్యాయం, పిల్లవాని పాఠ్యపుస్తకంలో ఎర్రకోట బొమ్మ కనిపించినప్పుడో, ఇంటి యజమాని పదవీ విరమణ దగ్గరపడి ఇక మీదట పాసుల సంఖ్య తగ్గుతుందన్న స్పృహ కలిగినప్పుడో, ఢిల్లీ ప్రస్తావన వస్తుంది. అప్పుడు తల్లి చేగోడీలు వండుతుంది. పాసులో పేరు చేర్చిన నాయనమ్మకు ఉన్ని శాలువ కొంటారు. పిల్లలు చూడవలసిన స్థలాల పట్టిక వ్రాస్తారు.

చిక్కంతా ఆ పట్టికలోనే ఉన్నది. సెలవు వారం రోజులు. రానుపోను రైలు ప్రయాణం, మధ్యలో హరిద్వారమో మథురయో పోగా రాజధానికి మిగిలేది ఒకటిన్నర రోజు. ఆ ఒకటిన్నర రోజులో పది స్థలాలు చూపించెదమని పిలిచే బస్సు ఎక్కుతారు. గైడు, "ఇచట ఇరువది నిమిషాలు" అని గడియారం చూపుతాడు. అందులో పది నిమిషాలు టిక్కెట్ల వరుసలోను, అయిదు నిమిషాలు నాయనమ్మను మెట్లెక్కించడంలోను గడచిపోతవి. తక్కిన అయిదు నిమిషాలూ ఫోటోలకు చాలవు. సాయంత్రానికి గుమ్మటాలన్నీ ఒకటిగా కలిసిపోయి, ఏది ఎవరి సమాధియో, ఏది ఎవరి కోటయో తండ్రికే తెలియకుండా పోతుంది. ఇంటికి తిరిగివచ్చిన పిల్లలకు బాగా గుర్తున్నది ఏమని అడిగితే ఇండియా గేటు వద్ద తిన్న ఐస్‌క్రీము అంటారు. ఇందులో పిల్లల తప్పేమీ లేదు.

అయినను ఆ పిల్లలలోనే ఒకరు ఏదో ఒక గుమ్మటం క్రింద నిలిచి అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది. "నాన్నా, వీటిలో మనవాళ్ళది ఏమైనా ఉన్నదా?" ఛత్తీస్‌గఢ్‌లో పుట్టి, హిందీలో చదివి, ఇంట తెలుగు పలికే పిల్లవానికి ఆ 'మనవాళ్ళు' ఎవరో తేల్చుకొనడమే ఒక పని. తండ్రి సాధారణంగా, "అన్నీ మనవే, నడు, బస్సు పోతుంది" అంటాడు. ఆ మాట నిజమే గాని, పిల్లవాడు కోరిన జవాబు అది కాదు. అసలు జవాబు ఢిల్లీలోనే ఉన్నది. అయితే అది బస్సు ఆగే చోట్ల అన్నిటా దొరకదు. పది స్థలాలకు బదులు అయిదారింటిని ఎన్నుకొని, ఒక్కొక్కచోట గంటసేపైనా నిలువగలిగితే దొరుకుతుంది.

బిలాస్‌పూరునుండి ఉత్కళ్ ఎక్స్‌ప్రెస్ కట్నీ, ఝాన్సీ, ఆగ్రాల మీదుగాను, ఛత్తీస్‌గఢ్ ఎక్స్‌ప్రెస్ నాగపూరు, భోపాల్ మీదుగాను పోయి హజ్రత్ నిజాముద్దీన్ స్టేషను చేరుకొంటవి. దిగిన ప్రయాణికులు సామాను సర్దుకొని ఆటోల కొరకు పరుగెత్తుతారు. ఆ స్టేషనుకు సమీపంలోనే హుమాయూన్ సమాధి ఉన్నదని చాలామంది ఎరుగరు. 1556లో గ్రంథాలయపు మెట్లమీదనుండి జారిపడి మరణించిన మొగలు చక్రవర్తికి, ఆ తరువాతి దశాబ్దంలో ఆరంభించి కట్టిన కట్టడమిది. తాజ్‌మహల్‌కు దాదాపు ఎనుబది ఏండ్ల ముందటిది. ఎర్ర రాతి గోడలమీద తెల్లని పాలరాతి గుమ్మటం. అయితే పిల్లలకు చెప్పవలసిన సంగతి రాతి పనితనం ఒక్కటే కాదు. 1857 సెప్టెంబరులో ఢిల్లీ తిరిగి ఇంగ్లీషువారి చేతికి చిక్కినప్పుడు, ముదుసలి బహదూర్ షా జఫర్ తన పూర్వుని ఈ సమాధిలోనే తలదాచుకొని, ఇక్కడనే పట్టుబడినాడు. తొంబది ఏండ్ల తరువాత, 1947లో, దేశ విభజన వేళ ఇండ్లు విడిచి పారిపోయివచ్చిన వేలాది జనానికి ఇదే ప్రాంగణం శిబిరమైనది. ఈ పచ్చికమీదనే వారు పొయ్యిలు వెలిగించుకొన్నారు, బిడ్డలను పడుకోబెట్టుకొన్నారు. పుట్టిన ఊరు విడిచి మరొక చోట బ్రతికిన తాతముత్తాతలు గల పిల్లలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. వారి పెద్దలు పని వెదకుకొంటూ వచ్చినారు, వీరు ప్రాణం అరచేత పట్టుకొని వచ్చినారు, భేదం పెద్దదే.

కుతుబ్ మీనారు వద్ద పరిస్థితి వేరు. అక్కడ అందరి చూపూ పైకే పోతుంది. ఎత్తు డెబ్బది రెండు మీటర్లకు మించినది. లోపల 379 మెట్లు. ఆ మెట్లెక్కిన జ్ఞాపకం ఏ పెద్దవారికైనా ఉన్నదంటే అది 1981కి ముందటి మాట. ఆ సంవత్సరం డిసెంబరు 4వ తేదీన లోపలి దీపాలు ఆరిపోయి, చీకటిలో తొక్కిసలాట జరిగి, 45 మంది ప్రాణాలు కోల్పోయినారు. వారిలో పెక్కుమంది విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలు. నాటినుండి మెట్లదారి సందర్శకులకు మూసివేయబడినది. "పైకి ఎందుకు పోనివ్వరు?" అని మారాము చేసే పిల్లవానికి ఈ కారణం చెప్పడం మంచిది, దాచవలసిన అగత్యం లేదు.

రైల్వే కుటుంబం ఇక్కడ ఆగవలసినది మీనారు వద్ద కాదు, దాని పాదాన మసీదు ఆవరణలో నిలిచిన ఇనుప స్తంభం వద్ద. ఏడు మీటర్లకు పైబడిన పొడవు, ఆరు టన్నులకు మించిన బరువు. దానిమీది సంస్కృత శాసనంలో 'చంద్ర' అని పేర్కొన్న రాజు గుప్త వంశపు రెండవ చంద్రగుప్తుడని చరిత్రకారులలో అధికుల అభిప్రాయం. అది విష్ణుధ్వజంగా నిలిపినదని శాసనమే చెప్తుంది గనుక, నాయనమ్మ చేతులు జోడిస్తే ఎవరూ నవ్వరాదు. వీపు ఆనించి చేతులు వెనుకకు చాచి స్తంభాన్ని చుట్టగలిగితే కోరిక తీరునని ఒక నమ్మకం ఉండేది. ఆ రాపిడికి ఇనుము అరుగుచున్నదని 1997లో చుట్టూ కటకటాలు పెట్టినారు.

పట్టాలమీద బ్రతికేవారికి తుప్పు ఎంత శత్రువో వేరుగా చెప్పనక్కరలేదు. భిలాయ్ కర్మాగారంలో తయారయ్యే పట్టాకు కూడ వానాకాలం తిరిగేసరికి ఎర్రని పొర కడుతుంది. మరి పదహారు వందల ఏండ్లు ఎండకు ఎండి, వానకు తడిసిన ఈ స్తంభం ఎందుకు తినివేయబడలేదు? కాన్పూర్ ఐ.ఐ.టి. లోహశాస్త్రజ్ఞుడు ఆర్. బాలసుబ్రమణ్యం ఈ ప్రశ్నకు సమాధానం వెదకినారు. నాటి కొలుములలో సున్నపురాయి వాడేవారు కారు. అందువల్ల ఖనిజంలోని భాస్వరం పోక, ఇనుములోనే నిలిచింది. ఆ భాస్వరం తేమతో కలిసి లోహం పైన పలుచని రక్షణపొరగా ఏర్పడి, తుప్పు లోనికి దిగకుండ కాపాడుచున్నది. అనగా తుప్పు పట్టలేదనుట సరికాదు. మొదట పట్టిన పొరయే తరువాతి తుప్పుకు అడ్డుగోడ అయినది. ఈ సంగతి ఒక ఫిట్టరు తన కొడుక్కు చెప్పినంత బాగా ఏ గైడూ చెప్పలేడు.

అటువంటిదే మరొక చోటు ఫిరోజ్ షా కోట్లా. బస్సులు అక్కడ ఆగడం అరుదు. పేరు వినగానే క్రికెట్టు మైదానం అనుకొంటారు. ఆ మైదానం ప్రక్కన శిథిలమైన కోటలో, మెట్లు మెట్లుగా కట్టిన కట్టడంపైన, అశోకుని రాతి స్తంభం ఒకటి నిలిచియున్నది. పొడవు సుమారు పదమూడు మీటర్లు; బరువు ఇరువది అయిదు టన్నులకు పైమాటే. పదునాలుగవ శతాబ్దంలో సుల్తాన్ ఫిరోజ్ షా తుగ్లక్ దీనిని నేటి హర్యానాలోని తోప్రా గ్రామంనుండి తరలించినాడు. ఆ తరలింపు వృత్తాంతాన్ని షమ్స్ సిరాజ్ అఫీఫ్ అనే చరిత్రకారుడు వివరంగా వ్రాసి ఉంచినాడు. స్తంభం మొదట త్రవ్వగా అది ఒరిగి పగిలిపోకుండ బూరుగుదూది గుట్టలుగా పోసినారు. దానిపైకి మెల్లగా వాల్చి, రెల్లుతోను పచ్చితోళ్ళతోను చుట్టినారు. 42 చక్రాల బండి చేయించి, ఒక్కొక్క చక్రానికి ఒక మోకు కట్టి, మోకుకు 200 మంది చొప్పున లాగినారు. అంతటితో యమున చేరింది. అక్కడ పెద్ద పడవలపైకి ఎక్కించి ఢిల్లీకి దించినారు.

లెక్క కడితే మోకులు పట్టిన మనుషులే ఎనిమిది వేల నాలుగు వందలు. బిలాస్‌పూరు డివిజను నిత్యం కోర్బా బొగ్గును రేకులకు రేకులుగా దేశమంతటికి పంపించే చోటు. బరువు ఎత్తడం, కట్టడం, జారకుండ చూడడం, గమ్యం చేర్చడం—ఈ నాలుగింటి విలువ అక్కడి ఇండ్లలో అన్నంతోపాటు వచ్చిన విద్య. ఈ స్తంభం చరిత్రలో రాజులకన్న మోకు పట్టిన కూలీలు ఎక్కువగా కనిపించేది ఆ ఇండ్లవారికే.

సుల్తాను ఎంత ప్రయత్నించినా స్తంభంమీది వ్రాత చదువగల పండితుడు దొరకలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ బ్రాహ్మీ లిపి గుట్టు విప్పినాడు. ఇందలి ఏడవ శాసనం మరి ఏ స్తంభంమీదను లేదు. బాటల ప్రక్కన మర్రిచెట్లు నాటించితిననీ, మామిడితోపులు వేయించితిననీ, బావులు త్రవ్వించి విశ్రాంతి గృహాలు కట్టించితిననీ అశోకుడు అందులో చెప్పుకొన్నాడు. బాటసారి దప్పిక తలచిన రాజశాసనాన్ని తోర్వా బాటసారులు నిలిచి చూడడం ఉచితమే. తెలుగు గడ్డపై కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలమీద ఉన్నవి కూడ ఆ చక్రవర్తి శాసనాలే. 'మనవాళ్ళది' అన్న ప్రశ్నకు ఇక్కడ తొలి కొస దొరుకుతుంది.

ఎర్రకోటను ఎవరూ వదలిపెట్టరు గనుక దానిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1638లో షాజహాన్ ప్రారంభించి పదేండ్లలో ముగించినాడు. 1739లో నాదిర్ షా నెమలి సింహాసనం ఎత్తుకొనిపోయినాడు. 1945లో ఆజాద్ హింద్ ఫౌజు అధికారుల విచారణ ఇక్కడ జరిగింది. అయితే ఒక చిన్న దిద్దుబాటు అవసరం. స్వతంత్ర భారత ప్రథమ ప్రధాని ఈ కోటపై మొదటిసారి పతాకం ఎగురవేసినది 1947 ఆగస్టు 15న కాదు, 16న. ఆ పతాకానికి మూలమైన నమూనాను 1921లో బెజవాడలో గాంధీజీకి సమర్పించినవారు కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించిన పింగళి వెంకయ్య. కొస ఇక్కడ ఇంకొంచెం పొడుగవుతుంది.

ఇండియా గేటు వద్ద తండ్రి జ్ఞాపకానికీ పిల్లల కంటికీ పొందిక కుదరదు. ఆయన చిన్ననాట చూచినప్పుడు ఆర్చి క్రింద అమర్ జవాన్ జ్యోతి వెలుగుచుండేది; 1972 జనవరి 26న వెలిగించిన ఆ జ్యోతిని 2022 జనవరిలో సమీపంలోని జాతీయ యుద్ధ స్మారకపు జ్యోతిలో కలిపినారు. ఆ స్మారకం 2019లో ప్రారంభమైనది. రాజపథం 2022లో కర్తవ్యపథమైనది. ఐదవ జార్జి విగ్రహం 1968లో తొలగింపబడి చాలాకాలం ఖాళీగా ఉన్న మంటపంలో ఇప్పుడు నేతాజీ నిలిచియున్నాడు. ఇండియా గేటు గోడలమీద 13,000కు పైగా పేర్లున్నవి. ప్రథమ ప్రపంచయుద్ధంలోను, 1919 అఫ్గాన్ యుద్ధంలోను మరణించినవారివి. కొత్త స్మారకంలో స్వాతంత్ర్యానంతర యుద్ధవీరుల పేర్లు ఇరువది అయిదు వేలకు మించి చెక్కినారు. ఇటుకకు ఒక పేరు. పిల్లలను అక్కడ తెలుగు పేర్లు వెదకమని విడిచిపెడితే గంటసేపు కదలరు.

అక్కడినుండి తిన్నగా పడమటికి చూస్తే కొండమీద రాష్ట్రపతి భవనం. 340 గదులున్నవని గైడు చెప్తాడు. 1931లో వైస్రాయి ఇర్విన్ మొదట కాపురం పెట్టినాడనీ చెప్తాడు. తెలుగువారైన రాష్ట్రపతులను పిల్లలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చును. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962నుండి, వరాహగిరి వేంకటగిరి 1969నుండి, నీలం సంజీవరెడ్డి 1977నుండి తలకొక అయిదేండ్లు అక్కడ నివసించినారు. అయితే తోర్వావారికి వీరిలో ఒకరితో బంధుత్వం భాషకంటె దగ్గరిది.

1894లో బరంపురంలో పుట్టిన గిరి డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి, రైల్వే కార్మికులలో పనిచేసినారు. బెంగాల్ నాగపూర్ రైల్వే అసోసియేషన్ స్థాపకులు ఆయనే. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకులలోను ఒకరు. 1928లో ఆ కంపెనీ పనినుండి తొలగించిన కార్మికుల పక్షాన ఆయన నడిపిన అహింసాత్మకమైన సమ్మెకు కంపెనీ యాజమాన్యమూ, బ్రిటిషు ప్రభుత్వమూ దిగివచ్చినవి. ఆ కంపెనీ బిలాస్‌పూరు కంపెనీయే. తోర్వాలో నేడు పింఛను పుచ్చుకొనే వృద్ధుని తండ్రియో, తాతయో జీతం తీసుకొన్నది ఆ ఖజానానుండియే. ఆ కార్మికుల తరఫున యాజమాన్యం ఎదుట నిలిచిన మనిషి, నలుబది ఏండ్ల తరువాత వైస్రాయిల గృహంలో అడుగుపెట్టినాడు.

ఈ కథకు చేదు భాగమూ ఉన్నది. 1974 మే నెలలో దేశవ్యాప్తంగా రైల్వే సమ్మె జరిగినప్పుడు రాష్ట్రపతి స్థానంలో ఉన్నది గిరియే. మే 8న ఆరంభమై 27న విరమింపబడిన ఆ సమ్మెలో వేలాది కార్మికులు జైళ్ళ పాలైనారు. వేలాదిమంది ఉద్యోగాలు పోయినవి. ఆనాటి రైల్వే కాలనీలలో పెరిగినవారు ఆ ఇరువది రోజులు మరువలేదు. ఈ రెండు సంగతులూ కలిపి చెప్పితేనే పిల్లలకు ఆ భవనం అర్థమవుతుంది. ఒకటి చెప్పి మరొకటి దాస్తే అది మరల గైడు చెప్పిన 340 గదులుగానే మిగులుతుంది. లోపలకు పోవలెనంటే ముందుగా పేరు నమోదు చేయించుకొని అనుమతి పొందవలెను. వెలుపలినుండి చూచుటకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

చివరి పూట చాణక్యపురికి కేటాయించుట మేలు. అచట 1977 ఫిబ్రవరి 1న ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియం ఉన్నది. స్మారక చిహ్నాల పట్టికలో అది సాధారణంగా కానరాదు. 'ఇంజన్లు చూడడానికి ఢిల్లీ దాకా రావలెనా, ఇంటిముందే ఉన్నవి గదా' అని తల్లి విసుగుకొనుటయు సహజమే. పాటియాలా సంస్థానపు ఒంటిపట్టా రైలు, రాజుల సెలూన్లు పిల్లలను ఆకర్షిస్తవి. వాటిని దాటి ఆరుబయట ముందుకు పోతే, మధ్యలో బాయిలరు, ముందు వెనుకల రెండు ఇంజను భాగాలతో, ఒక ఇంటివరుస అంత పొడవైన నల్లని గారట్ ఇంజను ఒకటి నిలిచియున్నది. మాంచెస్టరులో బేయర్ పీకాక్ కర్మాగారం చేసినది. బరువు 200 టన్నులకు పైబడినది. భారీ సరకు బండ్లను లాగుటకై దీనిని తెప్పించుకొన్నది బెంగాల్ నాగపూర్ రైల్వే.

ఇటువంటి ఇంజనుకు బొగ్గు ఎగదోయడం ఎంతటి శ్రమయో చెప్పగలవారు ఆ కుటుంబంలో సాధారణంగా ఒక్కరే ఉంటారు. తక్కిన స్థలాలలో బెంచీ వెదకుకొన్న నాయనమ్మ ఇక్కడ కూర్చొనదు. భర్త డ్యూటీ దిగి వచ్చేటప్పటికి చొక్కా ఏ రంగులో ఉండేదో, చేతులమీది కాలిన మచ్చలెన్నో, ఎన్ని బకెట్ల నీళ్ళు తోడిపెట్టవలసి వచ్చేదో ఆమె చెప్తుంది. పిల్లలు వింటారు, తండ్రికి కూడ అందులో కొన్ని కొత్తవే. ఈ మ్యూజియమూ, ఎర్రకోటా సోమవారం మూసి ఉంటవి. సెలవు పెట్టేటప్పుడే ఆ వారం చూచుకొని పాసు వ్రాయించుకొనవలెను.